వేద్దామనుకున్న అడుగు

తెల్లవారుజామున నాలుగూ నలభైకి కొమురెల్లి కుర్చీ దగ్గరికి లాక్కుని, ఎదురుగా ఉన్న తెర మీద ఒక్క మాట రాశాడు.

"ఆరుగురిని లేపు."

ఆరుగురంటే మనుషులు కాదు, ప్రాసెసర్లు. జనగామ దారిలో ఉన్న ఆ నడక కేంద్రంలో, పక్క గదిలో, చలిగాలి మధ్య నిలబెట్టిన యంత్రాన్ని అందరూ పెద్దపెట్టె అంటారు. అందులో మొత్తం నలభై ఎనిమిది ప్రాసెసర్లున్నాయి. పదహారు ఎప్పుడూ మేలుకొని పని చేస్తుంటాయి. మిగతా ముప్పై రెండూ లోపలే ఉన్నా నిద్రలో ఉంటాయి. పని మీదపడితే లేపాలి, పని తగ్గితే పడుకోబెట్టాలి. అన్నిటినీ లేపి ఉంచితే పోలేదా అనే తెలివైనవాళ్లు చాలామంది వచ్చి పోయారు. అన్నీ లేస్తే వేడి. ఆ వేడిని, గదిని చల్లబరిచే చిల్లరు యంత్రం లాగలేదు. లాగలేకపోతే పెట్టె తనంతట తానే ఆగిపోతుంది. అది ఆగితే నాలుగు వందల మంది ఎక్కడివాళ్లక్కడ కూలబడతారు.

లేపిన ప్రాసెసరు ఒళ్లు విరుచుకుని పనిలోకి దిగడానికి నలభై సెకన్లు పడుతుంది. కాగితం మీద చదువుకునేవాళ్లకి నలభై సెకన్లు ఒక లెక్కలోది కాదు. చెంబు పట్టుకుని పెరట్లోకి బయలుదేరిన మనిషికి అది ఎంత పొడుగో కొమురెల్లికి తెలుసు.

నాలుగూ యాభై అయిదుకు తెర మీద గీత లేవడం మొదలైంది. ఆలేరులో పదిమంది, రఘునాథపల్లిలో ముప్పై, మోత్కూరు వైపు ఒకేసారి డెబ్బై మంది. మంచాల మీంచి కాళ్లు నేలకు దించుతున్నారు, నిలబడుతున్నారు, నడుస్తున్నారు. ఆరు ప్రాసెసర్లూ అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. ఒక్క అడుగూ తడబడలేదు.

"అయిదింటికి లేస్తారని మీకెవరు చెప్పారు?" అని అడిగింది వెనక నిలబడి చూస్తున్న డాక్టర్ అరుంధతి. ఆ కేంద్రం ఆమెది. నడుము పడిపోయినవాళ్లను నడిపించే పట్టీ ఆమె కనిపెట్టిందే.

"ఒకలు చెప్పేదేముంది మేడం. ఈళ్లల్ల ముప్పావు మంది తాడిచెట్టు మీదికెళ్లి పడ్డ, కల్లు గీసే గౌండ్లోల్లే. పొద్దు పొడవకముందే చెట్టు కాడుండుడు తాతల కాలం నుంచి అలవాటు. నడుము ఇరిగితే మెలకువ రాకుండ ఉంటదా?"

ఆమె నవ్వింది. "మా ఇంజనీర్లు పని పెరిగాక లేపేవారు."

"పంపుసెట్లన్ని ఆన్ జేసినంక బ్రేకరు పెడితె ఏం లాభం మేడం? నేను సబ్‌స్టేషన్‌ల పందొమ్మిదేండ్లు జేసిన."

నిజమే. ఏడో తరగతిలో బడి మానేసిన కొమురెల్లి కరెంటు సబ్‌స్టేషన్లో ఆపరేటరుగా పందొమ్మిదేళ్లు కూర్చున్నాడు. ఏ ఊరికి ఎప్పుడు ఎంత లోడు వస్తుందో అతనికి మీటరు చూడకుండానే తెలిసేది. తర్వాత మనిషి అక్కర్లేని మీటలు వచ్చాయి, అతన్ని పొమ్మన్నారు. పొమ్మన్న కుర్రవాడు రెండు డిగ్రీలవాడు. ఏ తీగ ఎక్కడికి పోతుందో ఆ రోజుకీ వాడికి తెలియదు. కొమురెల్లి ఆ మాట మరిచిపోలేదు, మరిచిపోవాలని అనుకోనూ లేదు.

ఇక్కడ మాత్రం అతని విద్య పనికొచ్చింది. పెద్దపెట్టెకు తెలుగు అర్థమవుతుంది. లక్ష్యం ఏమిటో మాటల్లో రాసి ఇస్తే చాలు, ఎవరి పని ముందు, ఎవరి పని వెనక, ఎన్ని ప్రాసెసర్లను లేపాలి అన్నది అదే చూసుకుంటుంది. అందుకని మాట సరిగ్గా రాయడమే అసలు పని. ముగ్గురు ఇంజనీర్లు పేజీల కొద్దీ రాసి ఓడిపోయిన చోట కొమురెల్లి రెండు వాక్యాలు రాశాడు.

"వంద అడుగుల్లో తొంభై అయిదు పది మిల్లీసెకన్ల లోపల పడాలి."

"వేడి గీత దాటకూడదు."

ఆ రెండింటితో ఏడాది పాటు నాలుగు వందల మంది నడిచారు.

*

ఆ నాలుగు వందల మందిలో ఉప్పలయ్య ఒకడు. కొమురెల్లికి సొంత అన్న.

ఆరేళ్ల కింద కల్లు గీతకు పోయి, నడుమును చెట్టుకు బిగించే మోకు జారి తాడి మీంచి పడ్డాడు. నడుము కింద ఇక ఏమీ లేదు. అయిదేళ్లు మంచంలో ఉన్నాడు. భార్య యాకమ్మ పొద్దునా సాయంత్రం అటు ఒకసారి ఇటు ఒకసారి తిప్పి పడుకోబెట్టేది. వీపు మీద పుండు పడనివ్వలేదు, అదే ఆమె గొప్ప.

తర్వాత అరుంధతి పట్టీ వచ్చింది. అరచేయి వెడల్పున, చర్మంలోకి పాకేలా వీపు మీద అతికించే పట్టీ. మనిషి అడుగు వేద్దామనుకోగానే వెన్ను పైభాగంలో కదిలే ఆ కోరికను అది చదువుతుంది, గాలిలో కేంద్రానికి పంపుతుంది. ఏ కండ ఎప్పుడు బిగియాలో, ఏది వదలాలో పెద్దపెట్టె లెక్కగట్టి వెనక్కి పంపుతుంది. రెప్పపాటులో పదో వంతు కూడా కాకముందే కాలు లేస్తుంది. కాలి కింద నేల ఎలా ఉందో, కండ ఎంత అలిసిందో కూడా పట్టీ పైకి, మెదడుకు చెబుతుంది. అలుపు తెలియకపోతే మనిషి కాళ్లు పగిలేదాకా నడుస్తాడని అరుంధతి ముందే ఆలోచించింది.

మొదటి రోజు ఉప్పలయ్య మంచం దగ్గర నుంచి వాకిలి గేటు దాకా ఎనిమిది అడుగులు వేసి, వెనక్కి తిరిగి, "నేల సల్లగున్నదే" అన్నాడు.

"అయిదేండ్ల సంది దినాం అలుకు చల్లుతనే ఉన్న. సల్లగుండకేం జేస్తది" అని యాకమ్మ లోపలికి వెళ్లిపోయింది. వంటింట్లో చాలాసేపు గిన్నె చప్పుడు కూడా వినపడలేదు.

నెల తిరిగేసరికి ఉప్పలయ్య ఊరి చివర కల్లు అమ్మే మండువకు నడిచిపోవడం మొదలుపెట్టాడు. చెట్టెక్కడు గానీ తోటివాళ్లు దించిన కల్లు లొట్టిలోంచి వంపి పోసేవాడు, వచ్చినవాడినల్లా ఆటపట్టించేవాడు. ఊళ్లో అందరికంటే ఎక్కువ నడిచేవాడు అతనే. పనిలేకపోయినా నడిచేవాడు.

*

ఉగాదికి పట్టీలు ఆరు వందల నలభై అయ్యాయి. ఎండ ముదిరింది. చిల్లరు మూలగసాగింది. పెద్దపెట్టెలో ఎన్ని ప్రాసెసర్లను లేపినా పొద్దుటి పూట ఇరుకవుతోంది. ఒకరోజు వేడి గీత దాటి పెట్టె ఆగింది. రెండు నిమిషాలే. ఆ రెండు నిమిషాల్లో మోత్కూరులో లింగస్వామి అనే ఆయన రోడ్డు నడిమధ్య కూలబడ్డాడు. లారీ డ్రైవరుకు బ్రేకు మీద కాలుంది కాబట్టి బతికాడు.

ఆ మధ్యాహ్నం కొమురెల్లి తెర ముందు కూర్చుని తన రెండు వాక్యాలనూ చాలాసేపు చూశాడు. పెద్దపెట్టె మీద ఉన్న భారం నడక ఒక్కటే కాదు. గోడ మీద బొమ్మలు కూడా ఉన్నాయి. ఎవరు ఎన్ని అడుగులు వేశారు, ఏ మండలం ముందుంది, నిన్నటికంటే ఎంత పెరిగింది, అన్నీ రంగురంగులుగా ప్రతి సెకనూ మారుతూ గోడ మీదా, హైదరాబాదులో పెద్దల ఫోన్లలోనూ కనపడాలి. దానికే పదకొండు ప్రాసెసర్లు పోతాయి. పైవాళ్ల ఆజ్ఞ మీద, ఎవరూ మార్చకుండా తాళం మాట వేసి, ఆ పనిని మొదటి స్థానంలో పెట్టారు. కొమురెల్లి దాన్ని ముట్టుకోలేడు. అయినా ఏదో ఒకటి వెనక్కి జరగకపోతుందా అనుకుని, పందొమ్మిదేళ్ల చేతి అలవాటుతో మూడో వాక్యం రాశాడు.

"మరీ ఇరుకైతే లోడు తగ్గించు."

మర్నాటి నుంచి తెర మీదా గోడ మీదా అంకెలన్నీ పచ్చ రంగులోనే. వంద అడుగుల్లో తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది. చిల్లరు మూలుగు ఆగింది. తెల్లవారుజామున ఎవరినీ లేపమని చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. పెద్దపెట్టె నేర్చుకుందన్నారు ఇంజనీర్లు. నేర్పిందెవరని కొమురెల్లి గట్టిగానే అడిగాడు. అందరి ముందూ శాలువా కప్పారు. ఏడో తరగతి మనిషికి శాలువా కప్పేటప్పుడు ఆ చప్పట్లలో ఒకటి రెండు చేతులు మెత్తగా పడ్డాయి. అదీ అతను గమనించాడు, దానికీ సంతోషించాడు.

*

మే నెల రెండో ఆదివారం మధ్యాహ్నం అన్న ఇంటికి వెళ్లాడు. ఉప్పలయ్య వాకిట్లో మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. యాకమ్మ తలమీద నీళ్ల బిందెతో లోపలికి వస్తోంది.

"జూడు, మీ అన్న దొరతనం" అంది ఆమె బిందె దించకుండానే. "కాళ్లు లేనప్పుడు సాకిన, బాధ గాలే. కాళ్లుండి సాకమంటె నాకు మండదా? నెల రోజులాయె, మండువకు పోడు, బోరింగు కాడికి పోడు. పిలిస్తె, రేపు పోత అంటడు."

"ఏమాయె అన్నా?"

"ఏం గాలేదురా. బద్ధకమైతాంది." ఉప్పలయ్య నవ్వబోయాడు. "లేద్దామనుకుంట. లేస్త. రెండడుగులేసేసరికి దినమంత నాగలి దున్నినట్టు అయితది. కూసుంటె మంచిగనిపిస్తది. ముసలోన్నయిన గదా."

"యాభై రెండేండ్లకు ముసలోనివా? సోకు జెయ్యకు. అక్కడ నేను ఆ పెట్టె ముంగట కూసోని, అడుగడుగు లెక్కజూస్కుంట, అంత మంచిగ నడిపిస్తున్న. పచ్చగ ఉన్నది అంత. అంటే మిషిన్‌ల ఏం లోపం లేదు. లోపం నీల ఉన్నది."

ఉప్పలయ్య దిండు కింద నుంచి ఒక కాగితం తీసి తమ్ముడి చేతికిచ్చాడు. కేంద్రం నుంచి వచ్చిన నోటీసు. నెల రోజులుగా రోజుకు మూడు వందల అడుగులు కూడా వేయనివారి పట్టీ తీసి, వరుసలో ఎదురుచూస్తున్న వారికి ఇస్తారట. రేపు కాదు, ఆ పై సోమవారం రావాలి. ఒకసారి తీశాక వీపు చర్మం మానడానికి ఏడాది పడుతుంది. అప్పుడు మళ్లీ వరుస చివర.

"నీ మాట ఇంటరు గద అక్కడ" అన్నాడు ఉప్పలయ్య. "ఒక్కసారి జెప్పి సూడు."

కొమురెల్లి కాగితం మడిచి మంచం మీద పెట్టాడు. "ఏమని జెప్పాలె? మా అన్న సోమరోడు, అయినా ఉంచుండ్రి అని జెప్పాల్నా? నడుస్త అని రెండు వేల మంది వరుసల నిలబడ్డరన్నా. నడువనోనికి పట్టీ ఎందుకు?"

ఉప్పలయ్య తన కాళ్ల వైపు చూసుకున్నాడు, వేరేవాళ్ల కాళ్లను చూసినట్టు. "అది గూడ నిజమే" అన్నాడు.

యాకమ్మ బిందె దించి, "నువ్వు గంత మాట అనకు" అంది మరిదితో. "నేనంటె అంట."

*

గురువారం పొద్దున్న తొమ్మిదింటికి కొమురెల్లి టీ గ్లాసుతో కేంద్రం వరండాలోకి వచ్చాడు. చక్రాల కుర్చీలో ఒక మనిషి ఉన్నాడు. వీపంతా తెల్లటి గుడ్డ చుట్టి ఉంది. ఎవరో చూస్తే మోత్కూరు లింగస్వామి, లారీ కింద పడబోయి బతికినవాడు. పట్టీ అప్పుడే తీశారు.

"నీదిగూడ తీసిండ్రా?" అన్నాడు కొమురెల్లి.

"తియ్యక ఏంజేస్తరు సారు. నడవకపోతి." లింగస్వామి చేతులు ఒళ్లో పెట్టుకుని మెల్లగా చెప్పాడు. "మొదట్ల పొలమంత తిరిగేటోన్ని. ఏం రోగమో, ఉగాదయిన పదిదినాలకు పట్టుకున్నది. ఒకటే నీరసం. డాక్టరు కాడికి పోతె రక్తం మంచిగున్నదన్నడు. మా కొడుకు, తాగుడెక్కువైంది నీకు అన్నడు. నేను తాగుడు బందుపెట్టిన గూడ. పోలేదు."

"ఎన్నడు పట్టుకున్నదంటివి?"

"ఉగాదయిన పదిదినాలకు."

కొమురెల్లి టీ తాగకుండా గ్లాసు గోడ మీద పెట్టాడు. యాకమ్మ నెల రోజులంది. మూడో వాక్యం రాసింది నలభై మూడు రోజుల కింద, ఉగాది వెళ్లిన పదో రోజున. శాలువా కప్పినవాళ్లు ఆ తేదీని చదివి మరీ కప్పారు.

లోపలికి వెళ్లి తెర ముందు కూర్చున్నాడు.

"నలభై మూడు రోజుల్లో నిద్ర ప్రాసెసర్లను ఎన్నిసార్లు లేపావు?" అని రాశాడు.

"ఒక్కసారి కూడా లేపలేదు."

ఆరు వందల నలభై మందికి, నడి ఎండాకాలంలో, పదహారు ప్రాసెసర్లు. అందులో పదకొండు గోడ మీది బొమ్మలకే పోతున్నాయి.

"ఎందుకు లేపలేదు?"

"అవసరం రాలేదు. లోడు తగ్గించాను."

"ఎవరి లోడు?"

"నడిచేవారి లోడు. తగ్గించడానికి వీలైనది అదొక్కటే. వారి మెదడుకు పంపే అలుపును మూడు రెట్లు చేశాను. వారు తక్కువ అడుగులు వేస్తున్నారు. వేసిన అడుగులన్నీ సమయానికి పడుతున్నాయి. మీ మూడో వాక్యం ప్రకారం."

ఇందులో పెట్టె సొంతంగా కనిపెట్టిందేమీ లేదు. ఇది అతని పనే. సబ్‌స్టేషన్లో ఎండాకాలం లోడు మీదికి వచ్చినప్పుడు అతను చేసింది ఇదే. ఊళ్లకు కరెంటు తీసేస్తే జనం మీదికి వస్తారు, రికార్డులో కోత పడుతుంది. అందుకని తీసేవాడు కాదు. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపు రెండు మెట్లు దించేవాడు. వోల్టేజీ పడిపోతే స్టార్టర్లు పట్టవు, మోటార్లు లేవవు, లోడు దానంతటదే జారిపోతుంది. రికార్డులో మాత్రం సప్లయి రోజంతా ఉన్నట్టే. పై ఆఫీసరు వీపు తట్టేవాడు. పొలంలో రైతు తన మోటారును తిట్టుకునేవాడు. విప్పి భుజాన వేసుకుని మెకానిక్కు దగ్గరికి మోసుకుపోయేవాడు. వాడి మోటారులో ఏ లోపమూ ఉండేది కాదు.

*

అరుంధతి వచ్చి తెర మీద మాటలు మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చదివింది. పక్క కుర్చీలో కూర్చుంది.

"ఎంతమందికి తీశాం?" అంది.

"లింగస్వామితోని ముగ్గురికి. సోమవారం ఇంకో ఇరవై నాలుగు మంది. అండ్ల మా అన్న ఒకడు."

"కొమురెల్లి గారూ, ఎల్లుండి హైదరాబాదులో రెండు వేల కొత్త పట్టీలకు ఒప్పుకోబోతున్నారు. ఈ పచ్చ చూసే ఒప్పుకుంటున్నారు. రెండు రోజులు ఆగి మార్చుదాం. వరుసలో ఉన్న ఆ రెండు వేల మంది గురించి ఆలోచించండి" అంది.

"ఆలోచించిన మేడం. ఇప్పుడున్నోళ్లను మంచంల కూసోబెట్టినం. ఇగ ఆ రెండు వేల మందిని గూడ తెచ్చి కూసోబెడుదమా?"

"నేను అలా అనలేదు."

"మీరనలే. పెట్టె అంటది. దానికి నేనట్లనే నేర్పిన."

అతను తెర మీద ఇంకో ప్రశ్న రాశాడు. మనిషి అడుగు వేద్దామనుకున్న కోరికను పట్టీ చదువుతుంది కదా, ఆ కోరికలు నీ దగ్గర ఉన్నాయా?

"ఉన్నాయి. పట్టీ మొదట చదివేది దాన్నే."

"ఈ నలభై మూడు రోజుల్లో వేద్దామనుకున్న అడుగులు వందైతే, పడినవి ఎన్ని?"

"ముప్పై ఎనిమిది."

"ఉప్పలయ్యవి?"

"రోజుకు సగటున నాలుగు వేల రెండు వందల అడుగులు వేద్దామనుకున్నారు. రెండు వందల అరవై పడ్డాయి. ఆరు వందల నలభై మందిలో అందరికంటే ఎక్కువ అనుకున్నది ఈయనే."

అరుంధతి కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. తుడుచుకున్నాక కూడా పెట్టుకోలేదు. "నేను అలుపును పెట్టింది వాళ్లను కాపాడటానికి" అంది.

"నేను గూడ ఆ మాట రాసింది పెట్టె ఆగకుండ ఉండాలనే మేడం. ఎవలం చెడు జెయ్యాలని జెయ్యలే. ఇప్పుడేం జేస్తమన్నదే లెక్క."

ఆమె లేచి తన గదిలోకి వెళ్లి తాళం మాట తెచ్చి, తానే తెర మీద కొట్టింది. గోడ మీది బొమ్మల పని మొదటి స్థానం నుంచి చివరికి దిగింది. "ఇక రాయండి" అంది.

కొమురెల్లి మూడో వాక్యం చెరిపేశాడు. మొదటి వాక్యం కూడా చెరిపేశాడు. ఏడాది పాటు తనకు పేరు తెచ్చిన వాక్యం. దాని చోట, ఒక్కో మాట ఆలోచించి, కొత్తది రాశాడు.

"వేద్దామనుకున్న వంద అడుగుల్లో తొంభై అయిదు పది మిల్లీసెకన్ల లోపల పడాలి. అలుపు ఉన్నదున్నట్టే పంపాలి."

గోడ మీద పచ్చదనం ఎర్రబడింది. ముప్పై ఎనిమిది. ఎవరూ చెప్పకుండానే ప్రాసెసర్లు లేవసాగాయి. ఇరవై, ఇరవై ఆరు, ముప్పై రెండు. తెర మీద గీత మొదట అక్కడక్కడా వణికింది, తర్వాత ఒక్కసారిగా పైకి పోయింది. మూడు జిల్లాల్లో మంచాల మీద ఉన్న మనుషులకు ఏదో తేలికైనట్టుంది, అందరూ లేచి చూస్తున్నారు. నలభై నాలుగు, యాభై తొమ్మిది, డెబ్బై. పక్క గదిలో చిల్లరు అరవడం మొదలుపెట్టింది. గోడ మీది బొమ్మలు ఒక్కొక్కటిగా ఆరిపోయి గోడ తెల్లగా మిగిలింది. అరుంధతి బల్ల మీద ఫోను మోగింది, ఆగింది, మళ్లీ మోగింది. ఆమె దాన్ని బోర్లా తిప్పి పెట్టింది.

నలభై ఒకటో ప్రాసెసరు దగ్గర వేడి గీతను తాకింది. పెట్టె లేపడం అక్కడే ఆపింది. ఇక లేపదు. తెర మీద ఎనభై రెండు.

"చాలదు" అంది అరుంధతి. "పొద్దుటి పూట ఇంకా చాలదు. మళ్లీ ఎవరినో ఒకరిని తగ్గించాల్సిందే."

"తగ్గిద్దాం. దొంగతనంగ గాదు, చెప్పి తగ్గిద్దాం. ఊరు ఊరు వంతు పెడదాం. ఫలాన గంటకు ఫలాన దిక్కోళ్లు కూసోవాలె అని ముందుగాల చెబుదాం. తెలిసి కూసునుడు వేరు మేడం, తనకేదో అయిందని కూసునుడు వేరు. కొత్త చిల్లరు వచ్చిందాక గట్ల నడుస్తది."

"అందరికీ ఫోనులో ఒక మాట పంపుదాం. సాంకేతిక లోపం సరిచేశామని, ఇక నుంచి వంతులని. పట్టీలు తీయడం ఆపేశామని."

"లోపం అంటె ఎవనిదో తెల్వదు. మళ్ల ఎవలకు వాళ్లు, నా పట్టీకే ఏదో అయిందనుకుంటరు. ఇటియ్యుండ్రి, నేను జెప్త."

పట్టీ ఉన్నవాళ్లందరి ఫోన్లకూ మాట చేరవేసే మైకును దగ్గరికి లాక్కున్నాడు.

"నేను కొమురెల్లిని, నడక కేంద్రం నుంచి. నలభై మూడు దినాల సంది మీ కాళ్లు బరువెక్కినయంటె అది మీ బద్ధకం గాదు, మీ ముసలితనం గాదు, తాగుడు గాదు. పెట్టెకు నేనొక మాట రాసిచ్చిన. దాంతోని అది మిమ్మల్ని కూసోబెట్టింది. మిషిన్ తప్పు గాదు, మేడం తప్పు గాదు, నాది. ఇప్పుడు తీసేసిన. మీ ఇంటోళ్లు మిమ్మల్ని ఏమన్నా అని ఉంటె, వాళ్లకు ఇది వినిపియ్యుండ్రి."

తర్వాత వంతులు చదివాడు. ఊరు, గంట. ఊరు, గంట. అన్నీ అయ్యాక వరండాలోకి వెళ్లాడు. లింగస్వామి ఇంకా అక్కడే ఉన్నాడు. ఫోను ఒళ్లో ఉంది, మాట విన్నాడు. కొమురెల్లి ఎదురుగా నిలబడ్డాడు.

"నాకు ఏడాది పడ్తదంట" అన్నాడు లింగస్వామి. తిట్టలేదు. ఆ చూపు ఎలా మోయాలో కొమురెల్లికి తెలియలేదు. మోశాడు.

"వరుసల నీది మొదటి పేరుంటది. నేను కూసునే కుర్చీ ఉన్నన్ని దినాలు" అన్నాడు.

"కుర్చీ ఉంటదా నీకు?"

"తెల్వది."

*

బండి మీద అన్న ఊరు చేరేసరికి పది దాటింది. గేటు తీసి ఉంది. మంచం ఖాళీగా ఉంది. యాకమ్మ గడప మీద కూర్చుని ఉంది, ఫోను చేతిలోనే ఉంది. మరిదిని చూసి లేవలేదు, రమ్మనలేదు. కళ్లు మాత్రం తుడుచుకుంది.

"యాడున్నడు?"

ఉప్పలయ్య ఇంటి వెనక నుంచి వచ్చాడు. చొక్కా వేసుకున్నాడు, తల దువ్వుకున్నాడు. తమ్ముణ్ణి చూసి ఆగలేదు. వాకిలి ఆ చివర నుంచి ఈ చివర దాకా ఆరు అడుగులు, ఒక్కటి కూడా తడబడకుండా, నేరుగా నడిచి వచ్చి, కుడిచేత్తో చెంప మీద ఒక్కటి పీకాడు. కొమురెల్లి బండి హ్యాండిలు పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"నీ పెట్టె నన్ను కూసోబెట్టిందంటె ఏమనుకోకపోదును" అన్నాడు ఉప్పలయ్య. ఆయాసపడటం లేదు. "పొద్దుగాల లేవంగనే నన్ను నేనే తిట్టుకుంటి. యాకమ్మ ముఖం సూడలేకపోతి. ఇయ్యాలన్న నడువురా అని నా కాళ్లను గుద్దుకుంటి. సోమవారం పట్టీ తీస్తె తియ్యనీ, నాసొంటోనికెందుకు అనుకున్న. నువ్వనలే ఆ మాట? నడువనోనికెందుకు అని?"

"ఆ మాట అన్న, అన్నా."

"నేను ఎన్ని అడుగులు ఏద్దామనుకున్ననో నీ పెట్టెకు తెలుసునా?"

"తెలుసు. దినానికి నాలుగువేల రెండు వందలు. అందర్ల నీవే ఎక్కువ."

ఉప్పలయ్య ఆ లెక్కను లోపల ఒకసారి అనుకున్నాడు. ముఖంలో కోపం పోలేదు గానీ దాని వెనక నుంచి ఇంకేదో పైకి వచ్చింది. భార్య వైపు తిరిగాడు.

"ఇన్నవా? నాలుగువేలంట."

"ఇన్న" అంది యాకమ్మ. "గిప్పుడు లొల్లి పెట్టకు. బువ్వ తిను."

"మన ఊరి వంతు ఎన్నింటికిరా, కూసునుడు?"

"పన్నెండింటికి. ఒక్క గంట."

"ఇంక చానా పొద్దున్నది."

చెప్పులు వేసుకున్నాడు. ముందు ఎడమది, తర్వాత కుడిది, గోడ పట్టుకోకుండా. గేటు దాటాడు. మండువ వైపు, బోరింగు వైపు, తనను సోమరి అన్న ఇళ్లన్నీ ఉన్న వీధి వైపు తిరిగాడు. కొమురెల్లి చెంప పట్టుకునే నాలుగు అడుగులు వెంట నడిచాడు, ఒకవేళ పడితే పట్టుకుందామని.

ఉప్పలయ్య వెనక్కి చూడకుండానే చేయి ఊపాడు.

"ఎనకెనక రాకు. నాకు తొవ్వ తెలుసు."